ఇద్దరు జియాలు, ఇద్దరు చర్చిళ్లు

గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న గ్రంథాలయం మేడ మీద, ఆదివారం సాయంత్రం మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని రాశాం, మాటల్ని పెద్దగా దిద్దలేదు.

అందరికీ నమస్కారం. ఆలస్యమైంది, క్షమించండి. విజయవాడ బస్సు దిగి ఆటో ఎక్కి "నాలుగో లైను" అని చెప్పి ఫోన్లో పడిపోయాను. ఆ అబ్బాయి తీసుకెళ్లి అరండల్‌పేట నాలుగో లైన్లో దించాడు. తప్పు అతనిది కాదు. నాలుగో లైను ఇక్కడా ఉంది, అక్కడా ఉంది, పేట పేరు చెప్పాల్సింది నేను. గుంటూరులో పుట్టి పెరిగినవాళ్లు ఈ తప్పు చేయరు. పేట, లైను, అడ్డరోడ్డు మూడూ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది కూడా ఇలాంటి సంగతే, కాకపోతే వీధుల గురించి కాదు, మనుషుల గురించి. వేరు వేరు దేశాల్లో ఒకే పేరుతో బతికిన రాజకీయ నాయకుల గురించి.

ఇదేదో క్విజ్ పోటీ విషయం అనుకోవద్దు. నేను ముప్పై ఏళ్ల పైచిలుకు పత్రికల్లో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం విదేశీ వార్తలు చూసే డెస్కులో. పేరు చూసి మనిషిని గుర్తుపట్టేశాం అనుకోవడం వల్ల ఎంత అన్యాయం జరుగుతుందో నా చేతుల మీదుగానే చూశాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు మీ ఊళ్లోనే మొదలుపెడదాం.

వస్తూ జిన్నా టవర్ సెంటర్ చూశాను. ఆ స్తంభానికి 2022లో మూడు రంగులు వేశారు, ఆ పేరు మీద జరిగిన గొడవ మీకు నాకంటే బాగా తెలుసు, నేను అందులోకి వెళ్లను. నాకు కావలసింది ఆ పేరులో మనం పలకకుండా వదిలేసే భాగం. ఆయన మహమ్మద్ అలీ జిన్నా. జిన్నా అన్నది మన లెక్కలో ఇంటిపేరు కాదు, వాళ్ల నాన్న పేరు జిన్నాభాయ్ పూంజా. లండన్లో చదువుకునే రోజుల్లో కొడుకు ఆ "భాయ్" తీసేసి తండ్రి పేరునే చివర పెట్టుకున్నారు. ఆ చివరి మాట లేకపోతే మిగిలేది మహమ్మద్ అలీ. ఆ పేరుతో ప్రపంచంలో ఎంతమంది నాయకులున్నారో చూడండి.

మన దగ్గరే ఒకాయన ఉన్నారు, మౌలానా మహమ్మద్ అలీ. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు, రాంపూర్ మనిషి. 1921 సెప్టెంబరులో గాంధీగారితో కలిసి మద్రాసు వైపు వెళ్తుంటే మన వాల్తేరు స్టేషన్లోనే ఆయన్ని అరెస్టు చేశారు. రెండేళ్ల తర్వాత, 1923 డిసెంబరులో, కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగితే దానికి అధ్యక్షుడు ఆయనే. అంటే ఆంధ్రదేశంలో ఒక స్టేషన్లో బేడీలు పడిన మనిషి, అదే ఆంధ్రదేశంలో ఇంకో ఊళ్లో అధ్యక్ష పీఠం మీద కూర్చున్నారు. 1931లో లండన్లో చనిపోయారు, జెరూసలేంలో ఖననం చేశారు. ఇంతటి మనిషిని "మహమ్మద్ అలీ, కాకినాడ" అని వెతికితే ఎవరెవరి ఫోటోలో వస్తాయి.

ఇక పాకిస్తాన్ సంగతి చూడండి, జిన్నా పోయిన తర్వాత. 1953లో ప్రధానమంత్రి అయినవారు మహమ్మద్ అలీ. 1955 ఆగస్టులో ఆయన దిగిపోయారు. ఆయన కుర్చీలోకి వచ్చినవారి పేరేంటి? మహమ్మద్ అలీ! వెంట వెంటనే ఇద్దరు. మొదటాయన బెంగాల్ వైపు మనిషి, బోగ్రా అనే ఊరి నవాబుల కుటుంబం, అంతకుముందు అమెరికాలో రాయబారి. రెండో ఆయన జలంధర్ వైపు పంజాబీ, లెక్కలూ పద్దులూ తెలిసిన అధికారి, ఆర్థికమంత్రిగా చేసి ప్రధాని అయ్యారు. పాకిస్తాన్ మొదటి రాజ్యాంగం 1956 మార్చిలో అమల్లోకి వచ్చింది ఈ రెండో ఆయన హయాంలో. మరి చరిత్రలో వాళ్లని ఎలా విడదీశారు? మొదటాయనకి ఊరి పేరు తగిలించి మహమ్మద్ అలీ బోగ్రా అన్నారు, రెండో ఆయనకి ముందు చౌధురి పెట్టారు.

ఇక్కడ నాకు మన ఇంటిపేర్లు గుర్తొస్తాయి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ఇంటిపేరు ఒక ఊరు. నందమూరి ఒక ఊరు. మనవాళ్లు ఎప్పుడో ఊరు వదిలి వచ్చేసినా ఆ ఊరి పేరు మెడలో తాయెత్తులా మోసుకొచ్చారు. దానివల్ల మనకి కలిగిన మేలు మనం గమనించం. ఒక పల్లెలో పదిమంది వెంకటేశ్వరరావులు ఉంటారు, ఇంటిపేరుతో ఏడుగురు తేలిపోతారు, మిగిలిన ముగ్గురూ ఒకే ఇంటిపేరువాళ్లయితే పోస్టు వెంకటేశ్వరరావు, మిల్లు వెంకటేశ్వరరావు, చెరువు కట్ట వెంకటేశ్వరరావు. మీరు నవ్వుతున్నారు గానీ, మన దేశంలో ఎన్నికల నిర్వహణకి 1961లో చేసిన నియమాలున్నాయే, వాటిలోనూ ఇదే రాశారు. ఇద్దరు అభ్యర్థుల పేరు ఒకటే అయితే వృత్తినో నివాసాన్నో చేర్చి వేరు చేయమని. మన పల్లెటూళ్ల పద్ధతే చట్టంలోకి ఎక్కింది.

మహమ్మద్ అలీలు ఇంకా ఉన్నారు. ఇరాన్లో మహమ్మద్ అలీ రజాయీ, 1981 ఆగస్టులో అధ్యక్షుడయ్యారు, ఆ నెల గడవకముందే బాంబు దాడిలో పోయారు. అందరికీ తెలిసిన బాక్సర్ మహమ్మద్ అలీ రాజకీయ నాయకుడు కాదు, కానీ ఆయన కథలో ఒక మెలిక ఉంది. ఆయన పుట్టినప్పుడు పెట్టిన పేరు కాషియస్ క్లే. అది పంతొమ్మిదో శతాబ్దంలో కెంటకీలో బానిసత్వాన్ని ఎదిరించిన ఒక తెల్ల రాజకీయ నాయకుడి పేరు. 1964లో ఆ పేరు వదిలేసి ఈ పేరు తీసుకున్నారు. ఒక నాయకుడి పేరులోంచి బయటికొచ్చి ఇంకెందరో నాయకుల పేరులో చేరారన్నమాట.

సరే, ఇప్పుడు నా సంగతి.

1988 ఆగస్టు 17, రాత్రి. విజయవాడలో ఒక పత్రికలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. టెలిప్రింటర్ మీద వార్త వచ్చింది, పాకిస్తాన్లో బహావల్‌పూర్ దగ్గర సైనిక విమానం కూలిపోయింది, అధ్యక్షుడు జియా ఉల్ హక్ చనిపోయారు, ఆయనతో పాటు అమెరికా రాయబారి కూడా. డాక్ ఎడిషన్ టైం దగ్గరపడుతోంది. దూరం ఊళ్లకి వెళ్లే కట్టలు అవి, ముందు అచ్చు వేసి ముందు పంపాలి. మొదటి పేజీ తీసేసి మళ్లీ కడుతున్నారు. "ఫోటో తే" అన్నారు. నేను బీరువా దగ్గరికి పరిగెత్తాను. ఖాకీ కవర్లు, మీద ఇంకుతో పేర్లు, 'జ' అరలో "జియా" అని ఒకటే కవరు. తెరిచాను. పైన ఉన్న ఫోటోలో సైనిక దుస్తులు, మీసం, నల్ల కళ్లద్దాలు. జనరల్ గారే అనుకున్నాను, ఇచ్చేశాను, పేస్టింగ్ వాళ్లు అతికించేశారు, పేజీ వెళ్లిపోయింది.

అర్ధరాత్రి సిటీ ఎడిషన్ ప్రూఫు చూస్తూ మా డెస్క్ ఇన్‌ఛార్జి గారు నన్ను పిలిచారు. అరవలేదు. ఫోటో చేతికిచ్చి వెనక్కి తిప్పమన్నారు. వెనక పెన్సిలుతో, సన్నగా, "ఢాకా" అని రాసి ఉంది. అది బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రెహమాన్ ఫోటో. ఆయన అప్పటికే ఏడేళ్ల కిందట, 1981 మే 30న చిట్టగాంగ్‌లో సైనికుల చేతుల్లో హత్యకు గురయ్యారు. నల్ల కళ్లద్దాలు ఆయన గుర్తు, ప్రపంచంలో ఎవరు చూసినా చెప్తారు. నేను పేరు చూశాను, ముఖం చూడలేదు. సిటీ ఎడిషన్లో సరిచేశాం. డాక్ కట్టలు అప్పటికి రైలెక్కేశాయి.

ఆ ఇద్దరి మధ్య ఎంత దూరమో ఆ తర్వాత కూర్చుని చదివాను. 1971 మార్చి 27న చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్ రేడియో నుంచి ముజిబుర్ రెహమాన్ పేరు మీద బంగ్లాదేశ్ స్వాతంత్ర్యాన్ని చదివి వినిపించిన మేజరు ఈ ఢాకా జియా. ఏ పాకిస్తాన్ సైన్యం మీద ఆయన తిరగబడ్డారో, ఆ సైన్యానికే 1976లో అధిపతి అయినవారు ఇస్లామాబాద్ జియా. ఒకళ్లది తిరుగుబాటు, ఇంకొకళ్లది ఆ తిరుగుబాటు ఎవరి మీదో ఆ వైపు. అలాంటి ఇద్దర్నీ నేను ఒక ఖాకీ కవర్లో పడుకోబెట్టి, ఒకరి చావు ఇంకొకరి ముఖానికి అంటించాను.

నాలుగైదు రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినవారు రిటైరైన ఉర్దూ మాస్టారట. తిట్టలేదు. ఆ ఫోటోలో మనిషి ఎప్పుడు ఎక్కడ చనిపోయారో తేదీతో సహా రాసి, ఆయన భార్య బతికే ఉన్నారు, ఇప్పుడు సైనిక పాలనకి వ్యతిరేకంగా రోడ్ల మీద ఉద్యమం నడుపుతున్నారు, చనిపోయిన మనిషిని మళ్లీ చంపితే ఆ ఇంటివాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి అని రాశారు. ఆ భార్య ఖలీదా జియా, 1991లో బంగ్లాదేశ్ ప్రధానమంత్రి అయ్యారు. ఇప్పటికీ మనవాళ్లలో కొందరు ఆవిడ పాకిస్తాన్ జియాకి ఏదో బంధువు అనుకుంటారు. జియా అన్నది ఆవిడ భర్త సొంత పేరులో మొదటి ముక్క. మన రామారావు గారి భార్య తన పేరు చివర "రామ" అని పెట్టుకున్నట్టు అనుకోండి. ఇంటిపేరే కాదది.

అలాగే రెహమాన్. ముజిబుర్ రెహమాన్, జియావుర్ రెహమాన్ ఇద్దరూ రెహమాన్లే, బంధుత్వం ఏమీ లేదు. రెహమాన్ అంటే దయామయుడు, దైవనామం. మలేషియా మొదటి ప్రధాని తుంకు అబ్దుల్ రెహమాన్, ఇండొనేషియాకి 1999 నుంచి 2001 దాకా అధ్యక్షుడిగా ఉన్నవారు అబ్దుర్రహ్మాన్ వాహిద్. దయామయుడి దాసుడు అని అర్థం ఆ పేరుకి. మనం రామదాసు అంటామే, అలాగ. రామదాసులందరూ ఒక ఇంటివాళ్లు కారు కదా. మన పేర్ల విషయంలో ఇంత బాగా తెలిసిన సంగతిని అవతలివాళ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం. బయటి దేశాలవాళ్లూ అంతే, ఇందిరాగాంధీ మహాత్ముడి కూతురా అని ఇప్పటికీ అడుగుతారు.

ఆ పోస్టుకార్డు వచ్చాక ఒక నోట్‌బుక్ పెట్టాను. రెండు దేశాల్లో ఒకే పేరు కనపడితే రాసుకోవడం. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చర్చిల్ గారిది.

1899లో ఇంగ్లండులో ఒక పాతికేళ్ల కుర్రాడు ఉన్నాడు, విన్‌స్టన్ చర్చిల్. సైన్యంలో చేశాడు, మన దేశంలో కూడా కొన్నాళ్లు ఉన్నాడు, ఒక నవల రాశాడు, పత్రికలో వస్తోంది. హఠాత్తుగా జనం "మీ నవల బ్రహ్మాండం" అని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. సంతోషించాడు. తీరా చూస్తే వాళ్లు మెచ్చుకునేది వేరే నవల. అమెరికాలో ఇంకో విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు, ఇతని కంటే మూడేళ్లు పెద్ద, సెయింట్ లూయిస్‌లో పుట్టాడు, అప్పటికే పేరున్న నవలాకారుడు. ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఇంగ్లండు చర్చిల్ ఏం చేశాడంటే, ఆ అమెరికా చర్చిల్‌కి జూన్లో ఉత్తరం రాశాడు. శ్రీ విన్‌స్టన్ చర్చిల్ గారికి శ్రీ విన్‌స్టన్ చర్చిల్ నమస్కరించి రాయునది, అన్న ధోరణిలో. ఆ ఉత్తరంలో నాకు నచ్చేది మర్యాద. "నేను పెద్దింటివాడిని, పేరు నాది, నువ్వు మార్చుకో" అనలేదు. మనకి ఇద్దరికీ చిక్కు వస్తోంది, పాఠకులకీ వస్తోంది, కాబట్టి ఇకమీదట నా పుస్తకాల మీద విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని వేసుకుంటాను అన్నాడు. అటువైపు నుంచి జవాబు కూడా అంతే పెద్దమనిషి తరహాలో వచ్చింది. నాకు మధ్యలో ఇంకో పేరంటూ ఉంటే నేనే పెట్టుకునేవాణ్ని, కానీ లేదు అని. చూడండి, తెలుగువాడైతే వెంటనే ఒక ఇనీషియల్ తగిలించేవాడు, వాళ్ల దగ్గర ఆ సదుపాయం లేదు.

మరుసటి ఏడాది, 1900 డిసెంబరులో, ఇంగ్లండు చర్చిల్ ఉపన్యాసాలివ్వడానికి అమెరికా వెళ్లాడు. అప్పటికి పార్లమెంటు సభ్యుడయ్యాడు. బోస్టన్లో ఇద్దరూ కలుసుకున్నారు. అమెరికా చర్చిల్ విందు ఇచ్చాడు, ఒకర్నొకరు పొగుడుకుంటూ మాట్లాడారు. అయినా చిక్కు వదల్లేదు, ఇతని ఉత్తరాలన్నీ అతని ఇంటికి వెళ్లాయి, అతనిచ్చిన విందు బిల్లు ఇతనికొచ్చింది. ఇది స్వయంగా ఇంగ్లండు చర్చిలే తర్వాత రాసుకున్నాడు. ఆ కలిసినప్పుడే అన్నాడట, నువ్వు కూడా రాజకీయాల్లోకి రా, నేను ఇంగ్లండుకి ప్రధానమంత్రి అవుతాను, అదే సమయానికి నువ్వు అమెరికాకి అధ్యక్షుడివైతే భలే ఉంటుంది అని. అమెరికా ఆయన నిజంగానే వచ్చాడు. న్యూహాంప్‌షైర్ శాసనసభకి 1903లో, 1905లో ఎన్నికయ్యాడు. గవర్నర్ పదవికి 1906లో ప్రయత్నించాడు, పార్టీ టికెట్ దక్కలేదు. 1912లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. అక్కడితో ఆ దారి ఆగింది. మిగతాది అడిగితే చివర్లో చెప్తాను.

ఇప్పటిదాకా చెప్పినవి అనుకోకుండా కలిసిన పేర్లు. ఇంకో రకం ఉంది, కావాలని పెట్టినవి. అమ్మానాన్నలు ఇష్టంతో పెట్టినవి. ఇది మన కృష్ణా గుంటూరు జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. విజయవాడలో లెనిన్ సెంటర్ ఉంది, విగ్రహం ఉంది, ఆ పక్కన పాత పుస్తకాల కొట్లలో నా సగం జీతం పోయింది. మన పల్లెల్లో లెనిన్‌లు, స్టాలిన్‌లు, నెహ్రూలు, బోసులు ఇంటికొకరు. జ్యోతుల నెహ్రూ, దేవినేని నెహ్రూ, ఇద్దరు నెహ్రూలూ మన శాసనసభలో కూర్చున్నవాళ్లే.

ఆ లెనిన్ అనే పేరు ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే చిన్న దేశం. 2017 నుంచి 2021 దాకా దాని అధ్యక్షుడి పేరు లెనిన్ మొరేనో. పూర్తి పేరు లెనిన్ బోల్టైర్ మొరేనో గార్సెస్. నాన్నకి లెనిన్ ఇష్టం, అమ్మకి ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఇష్టం, ఇద్దరి మాటా నెగ్గింది. అయితే రాసే దగ్గర అక్షరం తప్పి వోల్టేర్ కాస్తా బోల్టైర్ అయింది. మన పదో తరగతి సర్టిఫికెట్లలో పేర్లు తప్పు పడితే జీవితాంతం ఎలా మోస్తామో, ఆయనా అంతే, ఆ బి అక్షరంతోనే దేశాధ్యక్షుడయ్యారు. పక్కనే పెరూలో వ్లాదిమీరో లెనిన్ మొంతెసినోస్ ఉన్నారు, గూఢచారి శాఖని గుప్పిట్లో పెట్టుకుని అవినీతి కేసుల్లో జైలుకెళ్లారు. ఒకే పేరు, ఒకరు అధ్యక్ష భవనానికి, ఒకరు జైలుకి. అసలు సంగతి ఏమిటంటే, మొదటి లెనిన్‌కే అది సొంత పేరు కాదు. ఆయన ఉల్యానోవ్, లెనిన్ రహస్య జీవితంలో పెట్టుకున్న మారుపేరు. స్టాలిన్ కూడా అంతే, ఉక్కు మనిషి అని అర్థం వచ్చేలా పెట్టుకున్న పేరు, అసలు ఇంటిపేరు జుగాష్విలి.

తమిళనాడు స్టాలిన్ గారి పుట్టుక 1953 మార్చి 1. అవతల మాస్కోలో స్టాలిన్ చనిపోయింది మార్చి 5. సంతాప సభలో మాట్లాడుతూ కరుణానిధి గారు ఇప్పుడే పుట్టిన నా కొడుక్కి ఆ పేరు పెడుతున్నానని ప్రకటించారు. ఆ కొడుకు 2021లో ముఖ్యమంత్రి అయ్యారు, ఓట్లు అడిగి, గెలిచి. రష్యా స్టాలిన్ ఏనాడూ అలాంటి ఎన్నికలో నిలబడలేదు. పేరు ఒకటే అయినా బతుకులు ఇలా ఉంటాయి. బ్రెజిల్‌కి 1926 నుంచి 1930 దాకా అధ్యక్షుడు వాషింగ్టన్ లూయిస్. కరీబియన్ సముద్రంలో డొమినికా అనే చిన్న దీవికి 2004లో ప్రధాని అయినవారు రూజ్‌వెల్ట్ స్కెరిట్. ఆస్ట్రేలియా ప్రధాని జాన్ హోవార్డ్ గారి మధ్య పేరు విన్‌స్టన్.

ఇక చెప్పడానికి కష్టమైనది ఒకటుంది. 2020 నవంబరులో నమీబియాలో స్థానిక ఎన్నికలు జరిగాయి, ఒంపుంజా అనే చోట ఒకాయన 1,196 ఓట్లతో గెలిచారు, ఎదుటివాళ్లకి 213. అప్పటికి ఆయన పేరు అడాల్ఫ్ హిట్లర్ ఊనోనా. ప్రపంచమంతా వార్త అయింది, నవ్వుకోవడానికి. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నమీబియా 1884 నుంచి 1915 దాకా జర్మనీ వలస. 1904 నుంచి 1908 మధ్య హెరేరో, నామా ప్రజల్ని వేలకి వేలు చంపారు, అది నరమేధమేనని జర్మనీ ఒప్పుకున్నది 2021లో. జర్మన్లు పోయినా జర్మన్ పేర్లు అక్కడ మిగిలాయి. వాళ్ల నాన్న ఆ పేరు పెట్టినప్పుడు ఆ మనిషి ఏం చేశాడో బహుశా ఆయనకి తెలిసి ఉండదని ఊనోనాయే ఒక జర్మన్ పత్రికకి చెప్పారు. చిన్నప్పుడు తనకి అదొక మామూలు పేరే అనిపించిందని, పెద్దయ్యాకే అర్థమైందని, ఆ మనిషి చేసినవాటితో తనకి ఏ సంబంధమూ లేదని చెప్పారు. ఆయన పనిచేసిన పార్టీ స్వాపో, జాతి వివక్ష మీద పోరాడి నమీబియాకి స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ. బ్యాలెట్ మీద ఆయన పేరు "అడాల్ఫ్ హెచ్" అనే ఉంది. ఊళ్లోవాళ్లకి ఆయన తెలుసు, ఓటేశారు. మనకి తెలిసింది పేరొక్కటే, కాబట్టి నవ్వాం. మేఘాలయలో కూడా అడాల్ఫ్ లూ హిట్లర్ మరాక్ అనే ఎమ్మెల్యే ఉండేవారు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన మీద అదే వార్త తిప్పి తిప్పి రాసేవాళ్లం, మేమే, పత్రికలవాళ్లం. ఆ నియోజకవర్గంలో రోడ్డుందా, ఆసుపత్రి ఉందా అని ఒక్కసారి రాసిన గుర్తు నాకు లేదు. బాధగా ఉంటుంది.

పేరుని ఆయుధంగా వాడటం ఇంకో సంగతి. 2008లో బరాక్ ఒబామా మధ్య పేరు హుస్సేన్ అన్నదాన్ని ఎదుటి పక్షంలో కొందరు నొక్కి నొక్కి పలికారు, వినేవాళ్లకి సద్దాం గుర్తురావాలని. ఆయన 2009 జనవరి 20న ప్రమాణం చేసేటప్పుడు ఆ పేరు మింగలేదు, బరాక్ హుస్సేన్ ఒబామా అని పూర్తిగా పలికారు. మా ఆవిడా నేనూ టీవీలో చూస్తున్నాం. నాకు ఎందుకో ఆ ఉర్దూ మాస్టారి కార్డు గుర్తొచ్చింది.

మన దేశంలో ఈ ఆయుధం ఇంకా చవక. కేరళలో 2004లో ఆలప్పుళ లోక్‌సభ స్థానంలో వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఎన్నికలో వి.ఎస్. సుధీరన్ అనే స్వతంత్ర అభ్యర్థికి 8 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. 2024లో తమిళనాడు రామనాథపురంలో ఓ. పన్నీర్‌సెల్వం నిలబడితే, పన్నీర్‌సెల్వం అనే పేరున్నవాళ్లు మరో అయిదుగురు నిలబడ్డారు. రష్యాలో దీన్ని ఇంకా ముదిరించారు. 2021లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బోరిస్ విష్నెవ్‌స్కీ అనే ప్రతిపక్ష నాయకుడి మీద ఇద్దరు పోటీదారులు పేరు మార్చుకుని బోరిస్ విష్నెవ్‌స్కీలే అయిపోయారు, గడ్డం కూడా ఆయనలాగే పెంచుకుని ఫోటో దిగారు. పోస్టర్ మీద మూడు ముఖాలు పక్కపక్కన ఉంటే ఏది ఎవరిదో పోల్చుకోలేం. మన ఈవీఎంల మీద అభ్యర్థి ఫోటో పెట్టడం 2015 నుంచి మొదలైంది ఈ బెడదకే, కానీ గడ్డం పెంచి వస్తే ఫోటో కూడా ఏం చేస్తుంది. నాకు దీని మీద చాలా కోపం. పేరు కలవడం ఎవరి తప్పూ కాదు. సుప్రీంకోర్టు కూడా 2024లో, తల్లిదండ్రులు పెట్టిన పేరుని బట్టి ఒకరిని పోటీ చేయొద్దని ఎలా అంటాం అన్నట్టుగానే మాట్లాడింది, అది న్యాయమే. కానీ చూపు సరిగా ఆనని ముసలమ్మ పొద్దున్నే లైన్లో నిలబడి వేసిన ఓటుని ఇలా దొంగిలించడం దొంగతనమే. ఆవిడకి తన ఓటు ఎటు పోయిందో ఎప్పటికీ తెలియదు.

పిల్లలు చాలామంది వచ్చారు కాబట్టి ఒక్క మాట. మీ ఫోన్లో రోజూ వచ్చేవాటిలో ఇదే జరుగుతోంది. ఎక్కడో ఒక దేశంలో ఎవరో ఇమ్రాన్ ఖాన్ ఏదో అంటాడు, దాని మీద ఇంకో ఇమ్రాన్ ఖాన్ ఫోటో అతికించి పంపిస్తారు. నేను ఆ రాత్రి చేసిన పనే, కాకపోతే నాకు డాక్ కట్టలు ఆపడానికి రెండు గంటలు ఉండేది, మీకు రెండు సెకన్లు కూడా ఉండదు. నా నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కన మూడు గళ్లు గీసుకునేవాణ్ని, ఊరు, తండ్రి పేరు, సంవత్సరం. మూడూ నిండితేనే ఫోటో ఇచ్చేవాణ్ని. మీరు కనీసం ఊరొక్కటి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా... సవరణ వేశారా అని. వేశాం. మూడో రోజు లోపలి పేజీలో, రెండు లైన్లు. ఫోటో మొదటి పేజీలో అంత పెద్దది, సవరణ ఇంత. ఆ మాస్టారికి నేను విడిగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ కార్డు మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది, సిరా కాస్త వెలిసింది, తేదీలు కనపడతాయి.

ఆ వెనక బాబు... అమెరికా చర్చిల్ ఏమయ్యాడు అనా? ఆయన రాజకీయాలతో పాటు కొన్నేళ్లకి నవలలు కూడా మానేశాడు. బొమ్మలు వేసుకుంటూ బతికాడు. ఆశ్చర్యమేమిటంటే ఇంగ్లండు చర్చిల్ కూడా బొమ్మలు వేసేవాడు. అమెరికా చర్చిల్ 1947లో చనిపోయాడు, అంటే రెండో ప్రపంచ యుద్ధమంతా చూశాడు, తన పేరు రోజూ రేడియోల్లో, పత్రికల్లో మార్మోగడం విన్నాడు, ఆ పేరు తనది కాకుండా. ఇవాళ ఆయన నవలలు చదివేవాళ్లు అక్కడే తక్కువ. కానీ ఇంగ్లండు చర్చిల్ ఇచ్చిన మాట తప్పలేదు, ప్రధానమంత్రి అయినా, 1953లో సాహిత్యానికి నోబెల్ వచ్చినా, పుస్తకాల మీద ఆ అక్షరం తీసేయలేదు. కింద హాల్లో మూడో బీరువాలో, పై అరలో, ఆయన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది, ఇందాక వస్తూ చూశాను. వెన్ను మీద విన్‌స్టన్ ఎస్. చర్చిల్ అని ఉంటుంది. వెళ్లేటప్పుడు ఒకసారి తీసి చూడండి, ఆ 'ఎస్' ఎవరి కోసం పెట్టుకున్నదో మీకు తెలుసు కదా.